గ్రామ్ నెగెటివ్ సూక్ష్మజీవులు - మన ఉమ్మడి మందుల నిధి

సహకార సంఘ సభ్యులకు నిలువ నిధి యనిన నేమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ప్రతి సంవత్సరము లాభములో కొంత భాగము తీసి, కఱవు వచ్చినపుడు గాని సంఘమునకు నష్టము వాటిల్లినపుడు గాని ఉపయోగపడుటకై దాచి యుంచుదుము. అది ఏ ఒక్క సభ్యుని సొత్తును గాదు, అందఱి సొత్తు. ఒకరిద్దరు దానిని తమ యిష్టము వచ్చినట్లు వాడుకొన్నచో, ఆపద వచ్చిన నాడు సభ్యులందఱును చేతులు ముడుచుకొని కూర్చుండవలసి వచ్చును.

మనుష్యులకు వచ్చు కొన్ని ప్రమాదకరమైన రోగములను మాన్పు మందులును ఇట్టి ఉమ్మడి నిధియే. వానిని యాంటీబయోటిక్ మందులందురు. ఈ నిధి నానాటికి తఱిగిపోవుచున్నది. దానిని తఱుగజేయుటలో రైతులకును కొంత పాలు కలదు. దానిని కాపాడుటలో అంతకంటె నెక్కువ పాలు కలదు. ఈ రెండు సంగతులను సభ్యులకు విశదపఱచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గ్రామ్ అను వైద్యుడు

గ్రామ్ నెగెటివ్ అనగానే ఇది మన గ్రామములకు సంబంధించిన మాట యని చదువరులు తలపవచ్చును. అట్లు గాదు. గ్రామ్ అనునది డెన్మార్కు దేశపు వైద్యుని పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884వ సంవత్సరమున బెర్లిను నగరమునందు పని చేయుచు, ఊపిరితిత్తుల వ్యాధిచే మరణించినవారి కండలోని సూక్ష్మజీవులను కంటికి కనబఱచుటకు ఒక ఉపాయమును కనుగొనెను. ముందు ఊదారంగు పూసి, పిదప అయొడీను పోసి, అటుపిమ్మట ఆల్కహాలుతో కడిగినచో కొన్ని సూక్ష్మజీవులు ఆ రంగును విడువక నిలుపుకొనును, కొన్ని విడిచివేయును. విడిచిన వానిపై తరువాతి కాలమున ఎఱ్ఱరంగు పూయుట అలవాటైనది. ఊదారంగు నిలుపుకొన్నవి గ్రామ్ పాజిటివ్ జాతులు. దానిని విడిచి ఎఱ్ఱరంగు పట్టినవి గ్రామ్ నెగెటివ్ జాతులు.

పెద్దలు సన్నిపాతమని చెప్పుచుండిన టైఫాయిడు జ్వరము, వాంతిభేది యనబడు కలరా, రక్తముతో కూడిన జిగట విరేచనములలో ఒక రకము, మహామారి యని పేరొందిన ప్లేగు, స్త్రీలను తఱచుగ బాధించు మూత్రపు మంటలో అధిక భాగము - ఇవన్నియు గ్రామ్ నెగెటివ్ సూక్ష్మజీవులవలన కలుగునవే. ఆసుపత్రులలో శస్త్రచికిత్స జరిగినవారిని, పురిటి బిడ్డలను పట్టుకొను ఘోరమైన రక్తదోషములలో ననేకము వీనివలననే వచ్చుచున్నవి. రైతులకు చిరపరిచితమైన వరి ఎండాకు తెగులును, నిమ్మ చెట్ల గజ్జి తెగులును కలిగించు సూక్ష్మజీవులు సైతము ఈ తెగలోనివే. అవి మనుష్యులకు సోకవు. కాని వాని దేహనిర్మాణము మాత్రము ఒక్కటియే.

రెండు గోడల కోట

రంగు పట్టుటలోని ఈ భేదము చిన్న విషయముగ కనబడును గాని, చికిత్స యంతయు దానిపై ఆధారపడియున్నది. గ్రామ్ పాజిటివ్ జీవికి మందమైన గోడ యున్నను దాని వెలుపల వేఱొక కాపు లేదు. గ్రామ్ నెగెటివ్ జీవికి లోపలి పొర, దానిపై పలుచని గోడ, ఆ గోడకు వెలుపల కొవ్వుతో నిర్మితమైన మఱియొక పొర కలవు. ఈ వెలుపలి పొరయే దానికి పెట్టని కోట. పెనిసిలిన్ మొదలగు ననేకౌషధములు ఆ పొరను దాటజాలవు.

వెలుపలి పొరలో చెఱువు కట్టకు తూములున్నట్లు సన్నని రంధ్రములున్నవి. ఆహారమును, కొన్ని మందులును ఆ తూములగుండ లోనికి పోవును. సూక్ష్మజీవి తెలివిగలదో యనునట్లు కొన్నిసారులు తూములను మూసికొనును. కొన్నిసారులు లోనికి వచ్చిన మందును ఏతముతో నీరు తోడినట్లు వెలుపలికి తోడివేయును. మఱికొన్ని జాతులు మందును ముక్కలుగ కోయు పదార్థమును పుట్టించి గోడలనడుమ కావలి యుంచును.

ఇంతకంటె వింతయైన సంగతి మఱియొకటి కలదు. ఒక రైతు తనకు దొఱకిన మంచి విత్తనమును ఇరుగు పొరుగు రైతులకు పంచినట్లు, ఒక సూక్ష్మజీవి మందును ఎదిరించు శక్తిని తన ప్రక్కనున్న వేఱొక జాతి సూక్ష్మజీవికి సైతము ఇయ్యగలదు. కావున కోడి ప్రేగులలో పుట్టిన ఎదిరింపుశక్తి కోడియందే నిలిచియుండునని నమ్ముటకు వీలు లేదు.

వెలుపలి పొరవలన కలుగు అపకారము మఱియొకటి కలదు. ఈ జీవులు రక్తములో చేరి నశించినపుడు ఆ పొర ముక్కలై విషమువలె పని చేయును. తీవ్రమైన జ్వరము, చలి, రక్తపుపోటు పడిపోవుట, మూత్రము తగ్గుట, తెలివి తప్పుట మొదలగు ఉపద్రవములు సంభవించును. అట్టి స్థితిలో మందు ఆలస్యమైన ప్రతి గడియయు ప్రాణాపాయకరము. సరియైన మందు అప్పటికి పని చేయుచుండవలెను గదా!

మట్టినుండి వచ్చిన మందులు

ఈ జాతిని లొంగదీయు మందులు ఎక్కడనుండి వచ్చెనో తెలిసికొన్నచో రైతులు గర్వింపదగియున్నారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, రట్గర్సు వ్యవసాయ పరిశోధనాలయమునందు, మట్టిలోని జీవులను గూర్చి పరిశ్రమించుచుండిన వాక్స్‌మన్ ఆచార్యుని శిష్యుడు ఆల్బర్టు షాట్జ్, 1943లో స్ట్రెప్టోమైసిన్ అను మందును కనుగొనెను. దానిని పుట్టించు జీవి, పెంట దండిగ తోలిన పొలపు మట్టిలోనే దొఱకినది. పెనిసిలినుకు లొంగని గ్రామ్ నెగెటివ్ జాతులపైన అది పని చేసెను. క్షయరోగమునకును మొదటి మందైనది. తరువాత దక్షిణ అమెరికాలోని కరాకస్ నగర ప్రాంతపు మట్టినుండి క్లోరాంఫెనికాల్ వచ్చెను.

మూడవ దానికి మన ఆంధ్రదేశముతో సంబంధము కలదు. మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బర్న్ పొలమునుండి తెచ్చిన మట్టిలో డగ్గరు అను వృక్షశాస్త్రవేత్త ఒక బంగారు వన్నె జీవిని కనుగొనెను. దానినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ వర్గమునకు అదియే మొదటిది. గ్రామ్ పాజిటివ్, గ్రామ్ నెగెటివ్ జాతులు రెంటిపైనను అది పని చేయును. ఆ పని జరిగిన లెడర్లే ప్రయోగశాలల పరిశోధనకు అప్పుడు నాయకుడు, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందు లోకమునకు వెల్లడియైన 1948వ సంవత్సరముననే వారు పరమపదించిరి.

పైరును పెంచు మట్టియే ప్రాణము నిలుపు మందునుగూడ ఇచ్చినది. కాని మట్టిని వెదకి క్రొత్త మందును కనుగొనుట నానాటికి దుర్లభమగుచున్నది. రెండు గోడలను దాటగల క్రొత్త వర్గపు మందులు గత కొన్ని దశాబ్దములలో బహు స్వల్పముగ వచ్చినవి. కావున ఉన్నదానిని కాపాడుకొనుటయే మార్గము.

టైఫాయిడు చెప్పు పాఠము

ఈ నిధి ఎట్లు కరగిపోవునో టైఫాయిడు జ్వరము చరిత్రలో స్పష్టముగ చూడనగును. మందు లేని కాలమున ఈ జ్వరము మూడు నాలుగు వారములు విడువక కాయుచుండెను. పట్టినవారిలో నూటికి పదిమంది మొదలు ఇరువదిమంది వఱకు మరణించుచుండిరి. ప్రేగులకు రంధ్రము పడుటయు, రక్తము పోవుటయు కలవు. మంచము దిగిన రోగి మఱల నాగలి పట్టుటకు నెలలు పట్టుచుండెను.

1948లో అమెరికా వైద్యులు కొందఱు మలయా దేశమున కౌలాలంపూరు నగరమునందు వేఱొక జ్వరమునకై క్లోరాంఫెనికాల్ పరీక్షించుచు, అందులో టైఫాయిడు రోగులకు సైతము గుణమిచ్చుట గమనించిరి. వారముల తరబడి కాయవలసిన జ్వరము కొద్ది దినములలో దిగిపోయెను. మరణములు నూటికి ఒకటి రెండింటికి తగ్గెను. ఆ నాటి వైద్యులకు అది అద్భుతముగ తోచెను.

ఆ అద్భుతము పాతికేండ్లైనను నిలువలేదు. 1972లో మెక్సికో దేశమున వేలకొలది జనులకు సోకిన టైఫాయిడు క్లోరాంఫెనికాలుకు లొంగలేదు. అదే సంవత్సరము మన దేశమున కేరళలోని కోళిక్కోడునందును అట్టి జ్వరము కనబడెను. 1980 దశాబ్దము చివరకు వచ్చుసరికి క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ అను మూడు మందులును ఒక్కసారి చెడినవి. వెంటనే సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు వచ్చెను. వానిని జలుబునకును, కాలినొప్పికిని సైతము మందుల దుకాణములలో చిల్లరగా అమ్మిరి. కొద్ది సంవత్సరములకే ఆ మాత్రయు టైఫాయిడుపై బలము కోల్పోయినది. ఇప్పుడు మన దేశమున వైద్యులు ముఖ్యముగ సెఫ్ట్రియాక్సోన్ సూదిమందును, అజిత్రోమైసిన్ మాత్రలను వాడవలసి వచ్చుచున్నది.

ఈ రెండవ వరుసయు కదలనారంభించినది. 2016 చివర పాకిస్తాను దేశములోని సింధు రాష్ట్రపు హైదరాబాదు నగరమున పుట్టిన టైఫాయిడు, సెఫ్ట్రియాక్సోనుతో గూడ అయిదు వర్గముల మందులను ఎదిరించెను. వారికి అజిత్రోమైసిను మాత్రలును, ఆసుపత్రిలో నరమునకెక్కించు మిక్కిలి ఖరీదైన మందులును మాత్రమే మిగిలినవి. పది దినముల మాత్రలతో పోవలసిన జ్వరమునకు ఆసుపత్రి పాలైనచో రైతు కుటుంబము గతి యేమగునో సభ్యులే యోచింపవచ్చును. పంటకై తెచ్చిన అప్పు జ్వరమునకు ఖర్చగుట, వాయిదా తప్పుట, ఎద్దులనమ్ముట మన గ్రామములలో ఎఱుగని సంగతులు గావు.

నిరాశ పడనక్కఱలేదు. ఈ చరిత్రలోనే రెండు శుభవార్తలును కలవు. మొదటిది: క్లోరాంఫెనికాల్ మొదలగు పాత మందులను చాల సంవత్సరములు టైఫాయిడునకు వాడక విడిచిపెట్టుటచే, మన దేశమున నేటి టైఫాయిడు సూక్ష్మజీవులలో అధిక భాగము మఱల వానికి లొంగుచున్నవి. బీడు పెట్టిన భూమి తిరిగి సారము పుంజుకొన్నట్లు, విశ్రాంతినిచ్చిన మందు తిరిగి బలము పొందినది. దీనినిబట్టి ఆ మందులను ఎవరికి వారు కొనవచ్చునని తలపరాదు. క్లోరాంఫెనికాల్ అరుదుగనైనను రక్తమును పుట్టించు మూలుగను చెఱచును గాన వైద్యుడే దానిని నిర్ణయింపవలెను.

రెండవది: మన తెలంగాణపు హైదరాబాదునందు భారత్ బయోటెక్ వారు ఒక టైఫాయిడు టీకాను తయారు చేసిరి. ఆఱు నెలల బిడ్డ మొదలుకొని ఒక్క మోతాదు వేయవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 డిసెంబరులో దానిని ఆమోదించెను. 2018లో ఆ టీకానే సింధు హైదరాబాదు బాలురకు, బాలికలకు వేసిరి. 2019లో పాకిస్తాను దానిని తన బాలల టీకాలలో చేర్చుకొనెను. ఒక హైదరాబాదు పెట్టిన జ్వరమునకు మఱియొక హైదరాబాదు మందు పంపినది. రోగమే సోకనిచో మందు ఖర్చే లేదు గదా.

రైతుల పాలు

మందులు చెడుటకు మనుష్యుల వాడకమొక్కటియే కారణము గాదు. కోళ్ల మేతలో, రొయ్యల చెఱువులలో, పైర్లపై చల్లు నీళ్లలో సైతము ఇవే మందులు పోయుచు వచ్చితిమి.

కొలిస్టిన్ సంగతి చూడుడు. ఇది జపాను దేశపు మట్టినుండి 1950 ప్రాంతమున వచ్చిన మందు. గ్రామ్ నెగెటివ్ జీవి యొక్క వెలుపలి గోడనే పగులగొట్టును. మూత్రపిండములకు హాని చేయునని వైద్యులు 1970 తరువాత దానిని చాలవఱకు మానిరి. వేఱు మందులన్నియు విఫలమైన రోగులకు ఇప్పుడు మఱల కడపటి ఆధారముగ వాడుచున్నారు. అట్టి మందును కోళ్లు త్వరగా బరువెక్కుటకై మేతలో కలిపి పెట్టుచుండిరి! 2015లో చైనా శాస్త్రజ్ఞులు పందులలోను, మాంసములోను, రోగులలోను కొలిస్టినును ఎదిరించు ఒక గుణమును కనుగొనిరి. అది ఒక జీవినుండి మఱియొక జీవికి పాఱునట్టిది. 2019 జులై నెలలో భారత ప్రభుత్వమువారు ఆహారమునకై పెంచు జంతువులకు, కోళ్లకు, చేపల రొయ్యల పెంపకమునకు, మేతకు కొలిస్టిన్ తయారుచేయుటను, అమ్ముటను నిషేధించిరి.

కోస్తా జిల్లాల రొయ్యల రైతులకు క్లోరాంఫెనికాల్ నిషేధము తెలిసినదే. రొయ్యలో దాని అంశము కనబడినచో విదేశములు సరుకును త్రిప్పి పంపుచున్నవి. ఒక చెఱువువాడు చేసిన తప్పునకు ఆ సరుకులో చేరిన అందఱును నష్టపోవుచున్నారు.

వరి ఎండాకు తెగులునకును, నిమ్మ గజ్జికిని రైతులు చల్లుచుండిన స్ట్రెప్టోసైక్లిన్ పొడి స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మందుల మిశ్రమమే. క్షయరోగికి ప్రాణాధారమైన మందొకటి, సుబ్బారావుగారి ప్రయోగశాలలో పుట్టిన వర్గపు మందు మఱియొకటి, మనము పొలములో చల్లితిమన్నమాట. వీనిని వ్యవసాయమునందు నిషేధించుటకై కేంద్ర ప్రభుత్వమువారు 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వును ప్రకటించిరి. ఎండాకు తెగులును తట్టుకొను వరి రకములను వేయుట, నత్రజని ఎరువును మితముగ, దఫాలుగ వేయుట, తెగులు సోకిన మడి నీటిని పక్క మడికి పాఱనీయకుండుట మొదలగు పద్ధతులు చేతనున్నపుడు ప్రాణౌషధమును బురదలో కలుపుట వివేకము గాదు.

సభ్యులు గమనింపవలసిన నియమములు

1. టైఫాయిడు, కలరా, జిగట విరేచనములు మలముతో చెడిన నీటివలనను, ఆహారమువలనను వచ్చును. కాచి చల్లార్చిన నీరుగాని, క్లోరిను కలిపిన నీరుగాని త్రాగవలెను. మరుగుదొడ్డి వాడుట, భోజనమునకు ముందును మలవిసర్జన తరువాతను సబ్బుతో చేతులు కడుగుకొనుట అన్ని మందులకంటె చవుక.

2. జలుబు, పడిసెము, చాలవఱకు దగ్గులు వైరసులవలన వచ్చును. వానికి యాంటీబయోటిక్ మందు పని చేయదు. వైద్యుని ఒత్తిడి చేసి సూది వేయించుకొనరాదు.

3. మందు అట్టపై నిలువుగ ఎఱ్ఱగీత యున్నచో అది వైద్యుని చీటీ లేనిదే కొనదగని మందు. ప్రభుత్వమువారు 2016 నుండి ఈ గుర్తును గూర్చి ప్రచారము చేయుచున్నారు. అక్షరములు రానివారికి సైతము ఈ గీత కనబడును.

4. టైఫాయిడని అనుమానమున్నచో, వీలైనంతవఱకు మందు మొదలిడక పూర్వమే రక్తమును తీయించి సూక్ష్మజీవి పెంపక పరీక్ష చేయించుట మంచిది. ఏ మందు పని చేయునో అదియే చెప్పును. విడాల్ పరీక్ష యొక్కటి చూచి టైఫాయిడని నిశ్చయించుట అనేక పర్యాయములు పొరపాటగుచున్నది.

5. వైద్యుడు చెప్పినన్ని దినములు, చెప్పిన మోతాదున వాడవలెను. జ్వరము దిగినదని రెండవనాడే మానుట, మిగిలిన మాత్రలు దాచి ఇంకొకరికిచ్చుట రెండును తప్పు.

6. మూడు దినములకు మించిన జ్వరము, మలములో రక్తము, విపరీతమైన కడుపునొప్పి, మూత్రము తగ్గుట, మత్తుగ నుండుట కనబడినచో నాటుమందులతో కాలము గడపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పసిబిడ్డల విషయమున ఒక్క దినమైనను ఆలసింపరాదు.

7. పశువులకు, కోళ్లకు జబ్బు చేసినపుడు పశువైద్యుని సలహాపై మాత్రమే మందు వాడవలెను. బరువు పెరుగుటకని మేతలో కలుపు మందులను కొనరాదు. మందు వాడిన పశువు పాలు వైద్యుడు చెప్పిన గడువు వఱకు అమ్మరాదు.

సంఘములు చేయదగిన పని

సంఘము యొక్క ఎరువుల గిడ్డంగిలోను, మేత అమ్మకములోను యాంటీబయోటిక్ కలిసిన సరుకు లేకుండ చూచుట పాలకవర్గమువారి చేతిలోని పని. బస్తాపై వ్రాసిన పేర్లను చదివి సరకు కొనవలెను. సర్వసభ్య సమావేశమునకు మండలపు వైద్యుని, పశువైద్యుని ఒక్కసారి పిలిపించి అరగంట మాటలాడించుట ఖర్చులేని సేవ. గ్రామపు మంచినీటి తొట్టిలో క్లోరిను సరిగ వేయుచున్నారా లేదా యని సభ్యులే వంతులవారీగ విచారించుటయు మేలు. ఇవి చిన్న పనులు. కాని వీనివలన తప్పు జ్వరములు చిన్నవి గావు.

2019వ సంవత్సరమున మందులకు లొంగని సూక్ష్మజీవులవలన ప్రపంచమున దాదాపు 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన లెక్క. ఆ మరణములకు ముఖ్యకారణములైన ఆఱు జాతులలో నాలుగు గ్రామ్ నెగెటివ్ జాతులే.

అప్పు తీసికొని ఎగవేసిన సభ్యుని సంఘము మందలింపగలదు, హామీదారును అడుగగలదు. మందుల నిధిని ఎగవేసినవానిని అడుగువారు లేరు. ఆ బాకీ ఎవరో యొక పసిబిడ్డ, ఎవరో యొక బాలింత తీర్చవలసి వచ్చును. వారు మన గ్రామమువారే కావచ్చును, మన యింటివారే కావచ్చును. కావున ఎఱ్ఱగీత గల అట్టను చేతపట్టిన ప్రతివారును సంఘపు పెట్టె తాళము తమ చేతనున్నదని తలచి మెలగుదురుగాక.